‘పిచ్ ఇన్’: ఎప్పుడు అనాలి, ఎలా అనాలి, ఎక్కడ అనకూడదు

ఇంగ్లిష్‌లో ‘హెల్ప్’ అనే మాట ఉండగా ‘పిచ్ ఇన్’ ఎందుకు, దాన్ని సరిగ్గా ఎలా వాడాలి అని చాలామంది అడుగుతున్నారు. వాళ్లలో ఎక్కువమందికి అర్థం తెలుసు. డిక్షనరీ చూసి ‘సహాయం చేయడం’ అని నోట్సులో రాసుకున్నారు కూడా. చిక్కు అక్కడే మొదలైంది. ఆ అర్థం పట్టుకుని వాక్యం కట్టబోతే ‘ప్లీజ్ పిచ్ ఇన్ మీ’ లాంటివి వస్తాయి.

దీనికి సరిపోయే తెలుగు మాట ‘సహాయం’ కాదు, ‘తలో చెయ్యి వేయడం’. నోట్సులో పాత అర్థం కొట్టేసి ఇది రాసుకోండి. కింద చెప్పబోయే నియమాల్లో సగం మీకు మీరే ఊహించగలుగుతారు.

ఇంగ్లిష్ వాక్యాలన్నీ తెలుగు లిపిలోనే ఇచ్చాను. పైకి చదవడానికే అలా ఇచ్చాను. ఈ మాట రాతలో కన్నా నోట్లోనే ఎక్కువ తిరుగుతుంది.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

పుస్తకంలోని ఉదాహరణలు బట్టీ పడితే మాట నిలవదు. మీ జీవితంలోంచి నాలుగు సందర్భాలు తీసుకుని కాగితం మీద రాయండి:

- నలుగురు కలిసి ఒక పని ముగించిన సందర్భం ఒకటి
- అందరూ తలా కొంత డబ్బు వేసుకున్న సందర్భం ఒకటి
- మీరు ఒక్కరే ఒకరికి సాయపడిన సందర్భం ఒకటి
- అందరూ చేస్తుంటే ఒకరు మాత్రం చెయ్యి కదపని సందర్భం ఒకటి

మూడోది కావాలనే పెట్టాను. అక్కడ ‘పిచ్ ఇన్’ సరిగ్గా కుదరదు. ఎందుకు కుదరదో తెలిస్తేనే మిగతా మూడూ గట్టిపడతాయి.

## 2. పని ఎవరిదో తేల్చుకోండి

ఈ మెట్టు దగ్గర తొందరపడొద్దు. ‘పిచ్ ఇన్’ అనాలా, ‘హెల్ప్ అవుట్’ అనాలా అని సందేహం వస్తే ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ పని ఒక్కరిదా, పదిమందిదా?

ఆఫీసులో ఏదో కార్యక్రమం ముగిసింది. కుర్చీలు మడవాలి, బల్లలు తుడవాలి. హాలు అందరూ వాడుకున్నదే. ఎవరికీ ప్రత్యేకంగా అప్పగించలేదు. అందరూ లేచి తలో చెయ్యి వేశారు. ఇక్కడ ‘ఎవ్రీవన్ పిచ్ట్ ఇన్’ అంటే అతికినట్టు సరిపోతుంది.

ఇప్పుడు ఇంకో దృశ్యం. పక్క సీటు ఆవిడకు ఒక రిపోర్టు అప్పగించారు. అది ఆవిడ పనే. మీరు గంటసేపు పక్కన కూర్చుని అంకెలు సరిచూశారు. దీనికి ‘ఐ హెల్ప్ట్ హర్ అవుట్ విత్ ద రిపోర్ట్’ అనాలి. పని ఆవిడదే, మీరు ఆసరా ఇచ్చారు, అంతే.

అదే రిపోర్టును కాస్త ముందుకు జరిపి చూడండి. గడువు సాయంత్రానికే ఉంది. ఒకరు పట్టికలు, ఇంకొకరు బొమ్మలు, మరొకరు అక్షర దోషాలు చూశారు. ఇక అది ఆవిడ ఒక్కదాని పనిగా మిగల్లేదు. ‘వి ఆల్ పిచ్ట్ ఇన్ టు ఫినిష్ ద రిపోర్ట్’ అనొచ్చు. రిపోర్టు మారలేదు, దాన్ని మోసిన చేతుల లెక్క మారింది. మాట ఆ లెక్కను బట్టే మారింది.

ఇంకో రెండు ఛాయలు ఉన్నాయి.

మొదటిది, ఇష్టంగా చేయడం. జీతం తీసుకుని రోజూ చేసే డ్యూటీని ‘పిచ్ ఇన్’ అనరు. తన వంతు కాకపోయినా ముందుకొచ్చి అందుకున్నప్పుడు అంటారు.

రెండోది, నలుగురిలో ఒకరు కావడం. ‘ఐ పిచ్ట్ ఇన్’ అంటే నేనూ ఒక చెయ్యి వేశాను అని. చక్కటి వినయం ఉంది ఇందులో. అందుకే ఇంటర్వ్యూలో జాగ్రత్త. ఒక పనిని మీరే ముందుండి నడిపించి ‘ఐ పిచ్ట్ ఇన్’ అని చెబితే, ఎదుటివాళ్లు మీరు పక్కనుంచి కాస్త సాయం పట్టారని అనుకుంటారు. నడిపించినప్పుడు ‘ఐ లెడ్’ అనే చెప్పండి.

## 3. నోటికి అలవాటు చేయండి

తెలుగులో మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. ఆ అలవాటులో ‘పిచ్చు ఇన్ను’ అనేస్తాం. ఇంకొందరు చకారాన్ని ఒత్తి ‘పిచ్చిన్’ అంటారు. రెండూ వద్దు.

- చకారాన్ని తేలిగ్గా, ఒక్కసారే పలకండి. రెండు మాటలూ కలిసి ‘పిచిన్’ అన్నట్టు వినిపించాలి.
- ఊనిక ‘ఇన్’ మీద పెట్టండి. ‘పిచ్’ తేలిక, ‘ఇన్’ బరువు.
- జరిగిపోయిన పని చెప్పేటప్పుడు ‘పిచ్చెడ్’ అనకండి. చివర ‘ట్’ శబ్దం వస్తుంది: ‘పిచ్ట్’. పక్కన ‘ఇన్’ కలిస్తే ‘పిచ్-టిన్’.

‘ఎవ్రీవన్ పిచ్-టిన్’ అని పదిసార్లు పైకి అనండి. అయిదోసారికి నాలుక తిరుగుతుంది.

## 4. రూపాలు నాలుగే

- మామూలు రూపం: ‘వి పిచ్ ఇన్’
- ‘హి’, ‘షి’, ‘ఇట్’ లాంటి ఏకవచనం (‘ఐ’, ‘యు’ కాదు): ‘షి పిచెస్ ఇన్’. ‘ఎవ్రీవన్’, ‘ఎవ్రీబడీ’ కూడా ఏకవచనమే, కాబట్టి ‘ఎవ్రీబడీ పిచెస్ ఇన్’
- గతం: ‘దే పిచ్ట్ ఇన్’
- ఇంగ్ రూపం: ‘థాంక్స్ ఫర్ పిచింగ్ ఇన్’

‘డిడ్’ వచ్చాక మామూలు రూపమే రావాలి: ‘నోబడీ పిచ్ట్ ఇన్’ సరే, ‘హి డిడంట్ పిచ్ ఇన్’ సరే, ‘హి డిడంట్ పిచ్ట్ ఇన్’ తప్పు. ‘ఇఫ్’ వాక్యంలో మనకు ‘విల్’ పెట్టాలనిపిస్తుంది. పెట్టొద్దు. ‘ఇఫ్ వి ఆల్ పిచ్ ఇన్, వి విల్ ఫినిష్ బై సిక్స్’. ‘విల్’ రెండో సగంలోనే.

## 5. వెనక ఏం తగిలించాలి

‘పిచ్ ఇన్’ ఒంటరిగానే వాక్యాన్ని ముగించగలదు. వివరం చెప్పాలంటే మాత్రం వెనక కొన్ని దారులున్నాయి.

పని పేరు చెప్పాలంటే ‘విత్’. ‘కెన్ యు పిచ్ ఇన్ విత్ ద క్లీనింగ్?’ శుభ్రం చేయడంలో ఒక చెయ్యి వేస్తారా?

చేయాల్సిన క్రియ చెప్పాలంటే ‘టు’. ‘ద నైబర్స్ పిచ్ట్ ఇన్ టు క్లియర్ ద రోడ్’. మాట్లాడేటప్పుడు ‘అండ్’ కూడా వినిపిస్తుంది: ‘లెట్స్ పిచ్ ఇన్ అండ్ గెట్ ఇట్ డన్’.

ఎలా సాయపడ్డారో చెప్పాలంటే ‘బై’, దాని వెనక ఇంగ్ రూపం. ‘షి పిచ్ట్ ఇన్ బై మేకింగ్ ద ఫోన్ కాల్స్’.

డబ్బు దేనికో చెప్పాలంటే ‘ఫర్’. ‘వి ఆల్ పిచ్ట్ ఇన్ ఫర్ ఎ గిఫ్ట్’. తలా కొంత వేసుకుని బహుమతి కొన్నాం అని.

మధ్యలో ‘రైట్’ అనే చిన్న మాట దూరగలదు. ‘షి పిచ్ట్ రైట్ ఇన్’ అంటే ఎవరూ పిలవకముందే, వెనకాడకుండా పనిలోకి దిగింది అని. కొత్తగా చేరిన మనిషిని మెచ్చుకోవడానికి ఇంతకన్నా మంచి వాక్యం నాకు తెలియదు.

## 6. మధ్యలో మనిషిని పెట్టకండి

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. కారణం మన తెలుగే. ‘నాకు సాయం చెయ్యి’లో ‘నాకు’ ఉంది కాబట్టి ఇంగ్లిష్‌లోనూ ఆ ‘నాకు’ ఎక్కడో ఒకచోట ఇరికించాలనిపిస్తుంది. ‘హెల్ప్ టు మీ’ పుట్టిందీ ఈ అలవాటులోంచే.

‘హెల్ప్ అవుట్’కు మనిషిని తగిలించవచ్చు. ‘హెల్ప్ మీ అవుట్’ అనాలి. ‘మీ’, ‘హిమ్’, ‘హర్’, ‘దెమ్’ లాంటి సర్వనామం వస్తే అది మధ్యలోనే ఉండాలి. ‘హెల్ప్ అవుట్ మీ’ తప్పు.

‘పిచ్ ఇన్’కు మనిషి ఎక్కడా తగలడు. ‘పిచ్ మీ ఇన్’ లేదు, ‘పిచ్ ఇన్ మీ’ లేదు, ‘ఐ వాజ్ పిచ్ట్ ఇన్’ కూడా లేదు. ‘తలో చెయ్యి వేద్దాం’ అన్నప్పుడు తెలుగులోనూ చెయ్యి పని మీద వేస్తాం, మనిషి మీద కాదు. సందేహం వచ్చినప్పుడల్లా ఈ వాక్యం తలుచుకోండి.

ఒక్క డబ్బు విషయంలోనే కాస్త సడలింపు ఉంది. ‘వి ఈచ్ పిచ్ట్ ఇన్ ఎ లిటిల్ మనీ’ అని మొత్తాన్ని నేరుగా వెనక పెట్టి మాట్లాడతారు.

## 7. పోలికగా కనిపించే మాటలు

ఇవన్నీ సాయం చుట్టూ తిరిగేవే. ఒకదాని బదులు ఇంకొకటి పెడితే కథ మారిపోతుంది.

చిప్ ఇన్. ముఖ్యంగా డబ్బుకు, అదీ తలా కొద్దిగా. సంభాషణ మధ్యలో ఒక మాట కలపడానికి కూడా వాడతారు. శారీరక శ్రమకైతే ‘పిచ్ ఇన్’ మెరుగు.

స్టెప్ ఇన్. పరిస్థితి చెయ్యి దాటుతుంటే ఒకరు కలగజేసుకోవడం.

ఫిల్ ఇన్ ఫర్. రాలేనివాళ్ల స్థానంలో పనిచేయడం. ‘ఐ యామ్ ఫిల్లింగ్ ఇన్ ఫర్ హర్ టుడే’.

బెయిల్ అవుట్. ఆపదలోంచి గట్టెక్కించడం. దీనికి మనిషి తగులుతాడు: ‘షి బెయిల్డ్ మీ అవుట్’.

మక్ ఇన్. బ్రిటిష్ వాడుక, ‘పిచ్ ఇన్’కు దాదాపు అదే అర్థం. విన్నప్పుడు గుర్తుపడితే చాలు.

పిచ్ ఇంటూ. దీన్ని మాత్రం ఆగి చూడండి. చివర ఒక్క ‘టూ’ చేరింది, అంతే. కానీ ‘షి పిచ్ట్ ఇంటూ హిమ్’ అంటే అతని మీద విరుచుకుపడింది, దుమ్ము దులిపేసింది అని. సాయం చేసింది అనుకుని ఈ వాక్యం రాస్తే మెచ్చుకోలు కాస్తా ఫిర్యాదు అవుతుంది.

ఒట్టి ‘పిచ్’తోనూ ఇలాంటి మెలికే. ఒక ఆలోచనను ఎదుటివాళ్లు ఒప్పుకునేలా వివరించడాన్ని ‘పిచ్’ అంటారు. ఈ రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి చదవండి:

- ‘షి పిచ్ట్ ఇన్ ద మీటింగ్’
- ‘షి పిచ్ట్ ఇన్ ఎట్ ద మీటింగ్’

మొదటిదాంట్లో ‘ఇన్’ మీటింగ్‌కు చెందింది. మీటింగ్‌లో ఆవిడ తన ప్రతిపాదన వినిపించింది అనే అర్థం వస్తుంది. రెండోదాంట్లో ‘ఇన్’ క్రియతో అతుక్కుంది. మీటింగ్ దగ్గర తానూ ఒక చెయ్యి వేసింది. తేడా తెచ్చింది ఒక్క ‘ఎట్’. పలికేటప్పుడు రెండోదాంట్లో ‘ఇన్’ను బరువుగా పలకాలి.

## 8. ఎక్కడ వాడొచ్చు, ఎక్కడ వద్దు

ఇది ఇన్‌ఫార్మల్ మాట. అలాగని ఆఫీసులో నిషేధం లేదు. సహోద్యోగులకు రాసే మెయిల్, టీమ్ గ్రూపు, ఫోన్ మాటలు అన్నింటిలో చక్కగా ఒదుగుతుంది.

ఈ చోట్ల మాత్రం మార్చండి:

- ఉద్యోగ దరఖాస్తు, ఒప్పంద పత్రం, అధికారిక లేఖ: ‘కంట్రిబ్యూట్’ లేదా ‘అసిస్ట్’
- పై అధికారిని అడిగేటప్పుడు: ‘వుడ్ యు బి ఏబుల్ టు హెల్ప్ విత్ దిస్?’
- కష్టంలో ఉన్న మనిషికి పలకరింపు: ‘ప్లీజ్ టెల్ మీ హౌ ఐ కెన్ హెల్ప్’

మూడోదానికి కారణం చెప్పాలి. ‘పిచ్ ఇన్’లో నలుగురు చేరి హుషారుగా పనిచేసే సందడి ఉంటుంది. దుఃఖంలో ఉన్నవాళ్ల దగ్గర ఆ సందడి నొప్పిస్తుంది.

ఇంకొక జాగ్రత్త. ‘యు నీడ్ టు పిచ్ ఇన్’ అంటే ‘నువ్వూ ఒక చెయ్యి వెయ్యాలి’ అన్న దెప్పిపొడుపు వినిపిస్తుంది. నిజంగా దెప్పాలనుకుంటే సరే. సాయం అడగాలనుకుంటే మెత్తగా చెప్పండి: ‘ఇఫ్ ఎనీవన్ హాజ్ హాఫ్ ఎన్ అవర్, ఇట్ వుడ్ బి గ్రేట్ ఇఫ్ యు కుడ్ పిచ్ ఇన్’. ఎవరినీ వేలెత్తి చూపలేదు, ఎంతసేపు పడుతుందో చెప్పేశారు. ‘అరగంటే కదా’ అని ఒకరిద్దరు ముందుకు రావడం తేలికవుతుంది.

## 9. ఒక మెసేజ్‌ను లైన్ లైన్‌గా దిద్దుదాం

నా దగ్గర ఇంగ్లిష్ నేర్చుకుంటున్న ఒకరు ఈమధ్య ఒక మెసేజ్ పంపించి, ‘గ్రూపులో పెట్టే ముందు చూడండి, టెన్షన్‌గా ఉంది’ అన్నారు. వాళ్ల సెక్షన్ పై అంతస్తుకు మారింది. అందరూ కలిసి ఫైళ్లు, కంప్యూటర్లు మోశారు. ఆయన రాసింది ఇది:

‘డియర్ టీమ్, యెస్టర్‌డే యు ఆల్ ఆర్ పిచ్ట్ ఇన్ మీ ఫర్ ద షిఫ్టింగ్. థాంక్స్ ఫర్ యువర్ పిచ్ ఇన్. నెక్స్ట్ టైమ్ ఐ విల్ ఆల్సో పిచ్ ఇన్ యు.’

మనసు మంచిది, కృతజ్ఞత నిజమైంది. మాటలు మాత్రం అడ్డుపడుతున్నాయి. ఒక్కొక్కటే తీద్దాం.

‘యు ఆల్ ఆర్ పిచ్ట్ ఇన్’లో ‘ఆర్’ అక్కర్లేదు. నిన్న అయిపోయిన పని కాబట్టి ‘యు ఆల్ పిచ్ట్ ఇన్’ చాలు.

‘పిచ్ట్ ఇన్ మీ’లో ‘మీ’ తీసేయాలి. మారింది సెక్షన్ మొత్తం. ఆయన కూడా మోసినవాళ్లలో ఒకరు.

‘ఫర్ ద షిఫ్టింగ్’ స్థానంలో ‘విత్ ద మూవ్’. పని పేరు ముందు ‘విత్’ బాగుంటుంది. ఇల్లో ఆఫీసో మారడాన్ని ‘షిఫ్టింగ్’ అనడం మనకు అలవాటైంది కానీ బయటివాళ్లకు ‘మూవ్’ అంటేనే తేలిగ్గా అర్థమవుతుంది.

‘యువర్ పిచ్ ఇన్’ కుదరదు. అది క్రియ, దాన్ని నామవాచకం చేయకూడదు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో ‘పిచ్-ఇన్’ అనే నామవాచకం ఉంది కానీ, దాని అర్థం వేరు: తలో వంటకం తెచ్చుకుని కలిసి తినే విందు. ఇక్కడ కావాల్సింది ‘థాంక్స్ ఫర్ పిచింగ్ ఇన్’.

‘పిచ్ ఇన్ యు’లో మళ్లీ మనిషి దూరాడు. ‘ఐ విల్ పిచ్ ఇన్ నెక్స్ట్ టైమ్, టూ’ అనొచ్చు. కానీ ఒకే మాట రెండుసార్లు ఎందుకని మార్చాం.

చివరికి గ్రూపులోకి వెళ్లింది ఇది:

‘హాయ్ ఆల్, థాంక్స్ ఫర్ పిచింగ్ ఇన్ విత్ ద మూవ్ యెస్టర్‌డే. వి కుడంట్ హావ్ ఫినిష్డ్ వితౌట్ ఆల్ ఆఫ్ యు. నెక్స్ట్ టైమ్ ఎనీవన్ నీడ్స్ ఎ హాండ్, కౌంట్ మీ ఇన్.’

మూడు చిన్న వాక్యాలు. ‘కౌంట్ మీ ఇన్’ అంటే నన్నూ లెక్కలో వేసుకోండి అని. దానికి మనిషి తగులుతాడు, గమనించండి.

## 10. తరచూ జరిగే పొరపాట్లు, వెంటనే సవరణ

- తప్పు: ‘కెన్ యు పిచ్ ఇన్ మీ?’ సవరణ: ‘కెన్ యు హెల్ప్ మీ అవుట్?’
- తప్పు: ‘ఎవ్రీవన్ పిచ్ ఇన్ హియర్’ అని రోజువారీ అలవాటు చెప్పడం. సవరణ: ‘ఎవ్రీవన్ పిచెస్ ఇన్ హియర్’
- తప్పు: ‘థాంక్స్ ఫర్ పిచ్ట్ ఇన్’. సవరణ: ‘థాంక్స్ ఫర్ పిచింగ్ ఇన్’
- తప్పు: ‘హి పిచ్ట్ ఇన్ టు ద క్లీనింగ్’. సవరణ: ‘హి పిచ్ట్ ఇన్ విత్ ద క్లీనింగ్’. ‘టు’ పెట్టాలనుకుంటే వెనక క్రియ రావాలి: ‘టు క్లీన్’
- తప్పు: దారి అడిగిన ఒక్క మనిషికి చూపించి ‘ఐ పిచ్ట్ ఇన్’ అనడం. సవరణ: ‘ఐ హెల్ప్ట్ హిమ్’

## 11. పంపే ముందు సరిచూసుకోండి

- పని నలుగురిదేనా?
- మనిషి పేరు గానీ, ‘మీ, యు, హిమ్’ గానీ ‘పిచ్ ఇన్’కు అతుక్కుని ఉందా? ఉంటే తీసేశారా?
- పని పేరు ముందు ‘విత్’, క్రియ ముందు ‘టు’ పడ్డాయా?
- ‘థాంక్స్ ఫర్’ తర్వాత ఇంగ్ రూపం వచ్చిందా?
- పొరపాటున ‘ఇంటూ’ రాశారా?
- చదివేవాళ్లకు ఇన్‌ఫార్మల్ మాట నప్పుతుందా?

## 12. నాలుగు రోజుల సాధన

మొదట్లో రాసుకున్న నాలుగు సందర్భాలు తీయండి. రోజుకు ఒకటి. ముందు తెలుగులో ‘తలో చెయ్యి’ పెట్టి చెప్పి చూడండి. తెలుగులో అతికితే ఇంగ్లిష్‌లో ‘పిచ్ ఇన్’ పెట్టండి, అతక్కపోతే ‘హెల్ప్ అవుట్’. డబ్బు సందర్భానికి ‘పిచ్ ఇన్ ఫర్’ ఒకసారి, ‘చిప్ ఇన్ ఫర్’ ఒకసారి రాయండి. చెయ్యి కదపని మనిషి గురించి రాసేటప్పుడు ‘డిడంట్’ పక్కన ఏ రూపం వచ్చిందో సరిచూసుకోండి.

రాసిన ప్రతి వాక్యాన్నీ ఫోన్‌లో రికార్డు చేసి వినండి. ‘ఇన్’ బరువుగా వినిపించకపోతే మళ్లీ రికార్డు చేయండి. అయిదో రోజు నిజమైన ఒక మనిషికి, నిజంగా జరిగిన ఒక సాయానికి, ‘థాంక్స్ ఫర్ పిచింగ్ ఇన్’ అని మెసేజ్ పంపండి.